ఏడో ప్రార్థనాంశం

ఆస్పత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్ళుగా దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది కాబట్టి, చర్చి సంఘంలో అందరూ ఆవిణ్ణి ఇస్త్రీ అక్కయ్య అనే పిలుస్తారు. ఆవిడ అలసట సంగతి చెప్పాలంటే మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి. పగలంతా ఆ కాళ్ళ మీద నిలబడి, ఇంటికొచ్చి ఆ మోకాళ్ళ మీదే ప్రార్థనకు కూలబడేది. "ప్రభువు నా మోకాళ్ళతో రెండు షిఫ్టులు చేయించుకుంటున్నాడు" అని తనే నవ్వేది.

కడుపున పుట్టినవాళ్ళు లేరు. అయినా ఇల్లు ఎప్పుడూ ఖాళీగా లేదు. కన్నవాళ్ళ దగ్గర ఉండే వీలు లేని పిల్లల్ని సంక్షేమ శాఖ వాళ్ళు తెచ్చి, ఆరు నెలలో రెండేళ్ళో ఆవిడ దగ్గర ఉంచేవారు. పద్దెనిమిదేళ్ళలో పదిమంది వచ్చి వెళ్ళారు. ఒకడు కోపం వస్తే తలుపులు తన్నేవాడు. ఒకతె దిండు కింద రొట్టె ముక్కలు దాచుకునేది. పాస్టరు గారు దీన్ని సేవ అనేవారు. ఆవిడకు చాలా రోజులు ఉత్త చాకిరీలాగే ఉండేది. చాకిరీ అన్నంత మాత్రాన దేవుడేమీ చిన్నబుచ్చుకోడని ఆవిడ నమ్మకం.

పదకొండోది పదహారేళ్ళ పిల్ల. వచ్చి పద్నాలుగు నెలలైంది. మొదటి ఎనిమిది నెలలూ బట్టలు సంచిలోనే ఉంచి, సంచి గుమ్మం పక్కనే పెట్టుకుంది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా బట్టలన్నీ బీరువాలో సర్దుకుంది. ఇస్త్రీ అక్కయ్య చూసీ చూడనట్టు ఊరుకుంది గానీ, ఆ రోజు లాండ్రీలో ఎవరు విసుక్కున్నా ఆవిడకు కోపం రాలేదు.

అప్పుడే శాఖ నుంచి ఆఫీసరమ్మ ఫోన్ చేసింది. పిల్ల తల్లి ఇకమీద కూతుర్ని చూడడానికి రానని రాసిచ్చిందట. "సమయం చూసి మీరే మెల్లగా చెప్పండి. నెల తిరిగాక గురువారం నేనొచ్చి మాట్లాడతాను" అంది.

సమయం చూడ్డంలోనే మూడు వారాలు గడిచిపోయాయి. పిల్ల అన్నం తింటుంటే తిననీ అనుకుంది. నవ్వుతుంటే నవ్వనీ అనుకుంది. మాట మాత్రం చెప్పలేదు. చివరికి బుధవారం స్త్రీల ప్రార్థనలో, తన వంతు వచ్చినప్పుడు, ఏడుస్తూ బయటపెట్టేసింది.

అక్కడ పద్ధతేమిటంటే, ఎవరి భారం వాళ్ళు చెప్పుకుంటారు. పాస్టరమ్మ అంకెలు వేసి రాసుకుంటుంది. సాయంత్రానికల్లా ఆ జాబితా సంఘం ఫోన్ గ్రూపులోకి వెళ్తుంది. ఒక్కొక్కరు ఒక్కో అంశం పంచుకుని ఉపవాసం ఉంటారు. ఏడో అంశం: అక్కయ్య ఇంట్లో ఉన్న అమ్మాయిని చూడనంటున్న తల్లి రాతిగుండె కరగాలి.

ఆదివారం ఆరాధన అయ్యాక ఒక ముసలావిడ పిల్ల తల నిమిరింది. "మీ అమ్మ మనసు కరగాలని మూడ్రోజులుగా పస్తుంటున్నానే తల్లీ."

"ఎందుకు కరగాలి? ఏమైంది?" అంది పిల్ల.

పాపం, ముసలావిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ ఫోన్‌లో చదివి వినిపించింది.

ఇంటికొచ్చాక పిల్ల ఏడవలేదు. బీరువాలోంచి బట్టలు తీసి సంచిలో పెట్టింది. "గురువారం ఆఫీసరమ్మ వస్తుందిగా. హాస్టల్‌కి వెళ్ళిపోతానని చెప్తా" అంది.

"హాస్టల్లో నీకెవరున్నారే?"

"ఎవరూ లేరు ఆంటీ. నా కోసం ప్రార్థన చేసేవాళ్ళు కూడా ఉండరు. అదే చాలు."

మర్నాటి నుంచి ఇస్త్రీ అక్కయ్య డ్యూటీ దిగి, పిల్ల సంగతి ఇక ఎత్తొద్దని చెప్పడానికి ఇల్లిల్లూ తిరిగింది. లారీ మెకానిక్కుగా చేసి మానేసిన మొగుడు గొణిగాడు. "మైకులో ఒక్కసారి చెప్తే పోయేదానికి ఇన్ని మెట్లెందుకు ఎక్కుతావ్?"

"మైకులో చెప్తే మళ్ళీ దాని సంగతే కదండీ మోగేది" అంది, మోకాలికి గుడ్డ చుట్టుకుంటూ.

వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఆవిడ నోరు విప్పేలోపే "అయ్యో అక్కయ్యా, దా, ప్రార్థన చేసుకుందాం" అన్నారు. వద్దమ్మా అని చెప్పడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ముసలావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నేనేం చెడ్డమాట అన్నానే?" అంది. పాస్టరమ్మ ముఖం ముడుచుకుంది. "ప్రేమతోనే కదా అక్కయ్యా రాశాను?"

"ప్రేమతోనే. నేను చెప్పిందీ ప్రేమతోనే. కానీ అది నా సంగతి కాదమ్మా, ఆ పిల్లది. నాది కానిది తెచ్చి మీ చేతుల్లో పెట్టాను."

గురువారం ఆఫీసరమ్మ వచ్చి కాగితాలు పరిచింది. పిల్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎలా బతిమాలాలో బస్సులో వస్తూ అనుకున్న మాటల్లో ఇస్త్రీ అక్కయ్యకు ఒక్కటీ గుర్తురాలేదు.

"నాదే తప్పు, రాసుకోండి" అంది. "వాళ్ళమ్మ సంగతి ముందు ఈ పిల్లకి చెప్పాల్సింది. దీని ముఖం చూడలేక, భయపడి, అందరికీ చెప్పాను. దీనికి తప్ప."

పిల్ల తలెత్తింది. "అందరిళ్ళకీ వెళ్ళారటగా?"

"వెళ్ళాను."

"ఏమన్నారు?"

"ప్రార్థన చేద్దాం రమ్మన్నారు."

పిల్ల పెదవి కొసన నవ్వు మెరిసి మాయమైంది. సంచి పట్టీ వేలికి చుట్టుకుంది. "ఉంటా. కానీ నా సంగతి ఎవరికీ చెప్పొద్దు. దేవుడికి కూడా. చెప్పుకోవాల్సిందేదైనా ఉంటే నేనే చెప్పుకుంటా."

ఆఫీసరమ్మ కలం ఆగిపోయింది. "ఇది ఏ గడిలో రాయను?"

ఏ పిల్ల వచ్చినా, ఏమీ చేతకాని రోజున ఇస్త్రీ అక్కయ్యకు మిగిలేది ప్రార్థన ఒక్కటే. అదీ వదిలేస్తే ఇక తన దగ్గరేముందని? అయినా, "సరేనమ్మా" అంది.

"మా అమ్మ నిజంగానే రానందా?"

"రానంది."

అప్పుడు ఏడ్చింది పిల్ల. సంచి కింద పడిపోయినా చూసుకోకుండా ఇస్త్రీ అక్కయ్య భుజం మీద వాలి, వెక్కి వెక్కి ఏడ్చింది. ప్రభువా అన్న మాట ఆవిడ పెదవుల దాకా వచ్చింది. దాన్ని మింగేసి, రెండు చేతులతో పిల్లను పట్టుకుంది.