పార్టీ లేని బండి

ఈ సంగతి చెప్పకుండానే ముసలివాణ్ణయ్యాను. దీన్ని దాచడానికే మిగతా విషయాల మీద అంత గట్టిగా అరిచానేమో. ఇక మోయలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

అవి ఫ్యాక్షన్ రోజులు. జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరింట అన్నం తింటే వాళ్ల పార్టీ మనిషి కిందే లెక్క. అందుకే మా హేతువాద సంఘం ఒక పాత బస్సును ఇల్లుగా మార్చుకుంది. రెండు పడకలు, కిరోసిన్ స్టవ్వు, పుస్తకాల అర. ఎవరి గడపా తొక్కకుండా పులివెందుల నుంచి ప్రొద్దుటూరు దాకా తిరిగేవాణ్ణి. దయ్యాలు లేవని, మనిషికి మనిషి అంటు కాడని ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. తోడు డ్రైవర్ మస్తాన్.

ఒక సభలో ఓబులేసు అనే రైతు లేచాడు.

"దయ్యాలు లేవంటాండావు, సరే సార్. మా ఊర్లో మనుషులుండారు. వాళ్లకేమన్నా మంత్రముంటే జెప్పు."

జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఎన్నికల్లో అతని పార్టీ ఓడిందనీ, ఎదుటివాళ్లు అతని కోసం కాచుకుని ఉన్నారనీ అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

మరునాటి మధ్యాహ్నం మైలవరం జలాశయం ఒడ్డున మకాం వేశాం. ఉన్నట్టుండి గాలివాన. అలలు ఒడ్డెక్కి చక్రాలను కొడుతున్నాయి. పైన వడగళ్లు. ఆ మోతలో ఎవరో తలుపు బాదారు. కిటికీ అద్దం తుడిచి చూశాను. ఓబులేసు. కాళ్లకు చెప్పుల్లేవు.

"తలుపు తీయండి సార్! ఎంటబడినారు. ప్రొద్దుటూర్లో దింపండి, సాలు."

"తీస్తా సార్, మనిషి సచ్చిపోతాడు" అంటూ మస్తాన్ లేచాడు. అతని చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇది పార్టీ లేని బండి, ఓబులేసూ. నిన్నెక్కించుకుంటే మాకూ పార్టీ అంటుతాది. రేపట్నుంచి ఏ ఊర్లోనూ మాట్లాడనీరు."

అద్దంలోంచి నన్నే చూశాడు.

"వానకు గూడా పార్టీ ఉన్నెట్టుంది సార్. నన్నొక్కణ్ణే తడుపుతాంది."

ఒడ్డు వెంబడి పరుగెత్తాడు.

వాన వెలిసేలోపే చంపేశారు. తుమ్మచెట్ల మధ్య శవం దొరికింది. మస్తాన్ బండి తాళాలు నా పడక మీద పెట్టి వెళ్లిపోయాడు.

నేనేం చేశాను? వ్యాసం రాశాను. ప్రాణభయంతో పరుగెత్తే మనిషికి ఒక్క తలుపూ తీయని పల్లెల మీద నిప్పులు కక్కాను. ప్రొద్దుటూరులో శాలువా కప్పారు. కప్పించుకున్నాను. నిజానికి అతను ఏ పల్లె తలుపూ తట్టలేదు. వాళ్లు తీయరని అతనికి తెలుసు. నేను తీస్తానని నమ్మాడు, నా ఉపన్యాసం విన్నాడు కదా!

భయపడ్డానా? భయమే అయితే నన్ను నేను ఎప్పుడో సమాధానపరుచుకునేవాణ్ణి. ఆ క్షణాన నా కళ్ల ముందు వేటకొడవళ్లు లేవు. ఆగిపోబోయే నా సభలు, నా మాట కోసం ఎదురుచూసే జనం, నా మచ్చలేని పేరు మాత్రమే ఉన్నాయి. అంటు లేదని ఊరూరా చాటిన నోటితోనే ఒక మనిషిని అంటు అన్నాను. ఇంతకంటే పెద్ద మూఢనమ్మకం ఏ గుడిలో ఉంది?

క్షమించమని ఎవరిని అడగను? దేవుడు లేడన్నాను, ఇప్పటికీ అదే అంటాను. క్షమించే హక్కున్నవాడు ఒక్కడే, వాడు బతికి లేడు. మీరు క్షమించకండి, మీకా హక్కు లేదు. నేను రాసిన ఆ వ్యాసం అబద్ధం. తలుపు తీయనివ్వనిది నేనే. ఇంతకాలానికి ఈ ఒక్క వాక్యం రాయగలిగాను. కాస్త ఊపిరాడుతోంది.