హెన్రీకి నయమైందని చెప్పమన్న ఆదివారం

ఫేబీ మళ్లీ నీళ్లోసుకుందని తెలిసిన రోజే అత్త ఎలిశబెతు వంటింట్లోని శనక్కాయల డబ్బా తీసి పక్కింటికి ఇచ్చేసింది.

పెద్దవాడు హెన్రీకి నాలుగేళ్లు. శనక్కాయ పడదు. వాడు కడుపులో ఉన్నప్పుడు అంగన్‌వాడీ వాళ్లిచ్చిన చిక్కీలు ఫేబీ ఇష్టంగా తిన్నది కాబట్టే వాడికిలా అయిందని అత్త తేల్చేసింది. తల్లి తిన్నందువల్ల బిడ్డకు ఇది వస్తుందని ఎక్కడా రుజువు కాలేదని, తనకు పడుతుంది కాబట్టి ఈసారీ తినొచ్చని నెల్లూరు డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో ఆ మాట ఫేబీ నోట సాకుగా వినిపించింది. భర్త రూఫస్‌ను వాళ్లమ్మకు చెప్పమంటే, రొయ్యల గుంట మీద పనుందని చెప్పులేసుకున్నాడు. బిడ్డకు ఏ లోపమున్నా తల్లి తిన్న కంచంలో వెతకడం మనకు అలవాటు. తండ్రి కంచం జోలికి ఎవరూ పోరు.

చర్చి పండగనాడు అందరూ కలిసి తినే ప్రేమవిందులో గుత్తివంకాయ వడ్డించారు. కూర చిక్కబడడానికి శనక్కాయల పొడి వేశారు. ఫేబీ చూసి పరుగెత్తేలోపే ఎలిశబెతు ముద్ద కలిపి మనవడి నోట్లో పెట్టింది. తెలియక కాదు. ప్రార్థన చేసిన అన్నం ఎవరికీ కీడు చేయదని ఆమె నమ్మకం. కాసేపటికే పిల్లవాడి పెదవులు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరాడక గిలగిల్లాడాడు. ఆసుపత్రిలో సూది వేశాకే తెరిపిన పడ్డాడు. ఆటోలో దారి పొడవునా నానమ్మ వాడి తల మీద చెయ్యి తీయకుండా ప్రార్థిస్తూనే ఉంది. ఆ ప్రేమలో అబద్ధం లేదు. చిక్కంతా అక్కడే.

మేలు పొందినవాళ్లు చర్చిలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. వచ్చే ఆదివారం ఫేబీ చెబుతుందని పాస్టరు గారికి ఎలిశబెతు మాటిచ్చేసింది.

“దేవుడు పిల్లోడికి పూర్తిగా నయం చేసినాడని చెప్పు, చాలు.”

“నయం కాలేదు గదత్తా.”

“అట్టంటే దేవుడి మీద నమ్మకం లేనట్టే. అసలు నువ్వు అప్పుడు నోరు కట్టుకొనుంటే ఈ గతెందుకు పట్టుద్ది?”

చెబితే, దేవుడు బాగుచేశాడు కదా అని రేపు ఎవరో ఒకరు వాడి చేతిలో చిక్కీ ముక్క పెడతారు. చెప్పకపోతే తను విశ్వాసం లేనిదవుతుంది. కడుపులో ఉన్నదానికి ఏమైనా ఆ పాపమూ తనదే. రెండు ముక్కలనేసి కూర్చోమని, ఎవరికి గుర్తుంటుందని రూఫస్ అన్నాడు. సాక్ష్యాలు అందరికీ గుర్తుంటాయని ఫేబీకి తెలుసు.

ఆదివారం పేరు పిలిచారు. ఫేబీ లేచింది.

“నా బిడ్డను బతికించినందుకు దేవునికి వందనాలు. వాడికి నయం కాలేదు. శనక్కాయ కలిసింది ఏదీ వాడికి పెట్టబాకండి, చచ్చిపోతాడు. నేను తిన్నందుకు వాడికిది రాలేదు. ఇప్పుడూ తింటా.”

ఆడవాళ్ల వైపు నుంచి ఒక్క ఆమెన్ వినిపించలేదు. పాస్టరు గారు పాట అందుకున్నారు.

ఇంటికొచ్చాక ఎలిశబెతు గొడవ పడలేదు. ఇక మీదట హెన్రీ ప్రేమవిందుకు రానక్కర్లేదని, వాణ్ణి చూసుకుంటూ ఫేబీ కూడా ఇల్లు కదలొద్దని కొడుకు చేత చెప్పించింది.

“మంచిదే గదా. వాడికి ఎవురూ ఏం పెట్టరు,” అన్నాడు రూఫస్.

వాడికి ఎవరూ ఏమీ పెట్టకూడదనే కదా ఫేబీ లేచి నిలబడింది.