మిక్సీకి దొరకని ముల్లు

మేం రేవులో చేపలమ్ముకునేవాళ్లం. చేప తినడం మాకెవరూ నేర్పరు. ముక్క నోట్లో పడేస్తే చాలు, నాలుకే ముల్లు వెతికి, పక్కకు నెట్టి, పెదవి అంచుకు తెచ్చి పెడుతుంది. చేత్తో ముళ్లేరుకుని తినేవాళ్లను చూస్తే మాకు నవ్వొస్తుంది. అలాంటి నాలుకలో సగం కోసేశారు నాకు.

చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టి కాల్చడం మా ఆడవాళ్ల అలవాటు. సముద్రపు గాలికి నిప్పు ఆరదని. మా అమ్మ కాల్చింది, మా అత్త కాల్చింది. పుండు నాకొచ్చింది, క్యాన్సరన్నారు. కుడి పక్క కోసి, చేతి చర్మం తెచ్చి అతికించి, ఆపైన రేడియేషనని కరెంటు పెట్టారు. నోట్లో ఉమ్మి కూడా ఎండిపోయింది.

చూడ్డానికొచ్చిన జనానికి బుద్ధి లేదు. నమల్లేని మనిషికి ఆపిల్ పళ్లు తెచ్చారు. మా ఆడపడుచైతే జంతికలు పట్టుకొచ్చింది.

"అయ్యో వదినా, నీ కేక రేవంతా ఇనిపించీది కదే, ఏటైపోనాదే!" అని ఏడ్చింది. ఏడుస్తూనే ఆ జంతికలన్నీ తనే నమిలేసింది. మా ఆయన పోయినప్పుడు కూడా ఇంత కడుపు నిండా ఏడవలేదు మహాతల్లి.

సీతమ్మధార క్లినిక్కులో డాక్టరుబాబు రెండు రంగుల బబుల్ గమ్ ఇచ్చి నమలమన్నాడు. నమిలి ఉమ్మాను. దాన్ని దీపం కింద పెట్టి, బంగారం చూసినట్టు చూశాడు.

"రంగులు కలవలేదమ్మా. నాలుక ముద్దను తిప్పడం లేదు. మెత్తనివే తినాలి. బరువు తగ్గితే ముక్కులో పైపు మళ్లీ వేస్తాం."

ముక్కులోంచి పాలు పోయించుకుని పడుకోవడం ఒక బతుకా?

ఇక ఇంట్లో కోడలి రాజ్యం మొదలైంది. పద్మనాభం ఊరి వైపు వరిచేల పిల్ల. మావాడు మనసుపడి చేసుకున్నాడు. అన్నం మిక్సీ, పప్పు మిక్సీ, ఇడ్లీ కూడా మిక్సీ. గోడకు సున్నం వేసేవాడు కూడా అంత జారుగా కలపడు. ఆ జావ సగం వదిలేసేదాన్ని. రవికెలు వదులవుతున్నాయి, పైపు దగ్గరకొస్తోంది.

"సేప ఒండవే," అన్నాను. నా మాటలో సగం గాలే గాని, ఆ మాట దానికి బాగానే అర్థమైంది.

"ముల్లు గుచ్చుకుంటాదత్తా! డాక్టరుబాబు ఏటన్నాడు?"

"నీ డాక్టరుబాబు సేపలొలిసేడేటే? ఒండు!"

వండింది. కవళ్లనే సన్నముళ్ల చేపలు తెచ్చి పులుసు పెట్టింది. పెట్టి, ఏం చేసిందనుకున్నారు? ముళ్లతో సహా మిక్సీలో వేసి తిప్పేసింది! ముల్లు పొడైపోతుందట. మా రేవులో అడుక్కునేవాడు కూడా చెయ్యని పని అది. ఆ సంగతి నాకు చెప్పలేదు. స్పూనుతో నోట్లో పెట్టింది.

ఎడమ పక్క, మిగిలిన నాలుక కొసకు సూదిలా ఏదో తగిలింది. మింగలేదు. మెల్లగా తడిమాను. పంటికి ఆనించి, మళ్లీ జారిపోతే మళ్లీ పట్టుకుని, పెదవి మీదకు నెట్టాను. ముల్లు ముక్క. తీసి కోడలి అరచేతిలో పెట్టాను.

దాని మొహం పాలిపోయింది. "అత్తా, గొంతులోకెల్లిపోతే..."

"నీ మిక్సీకి కళ్లున్నాయేటే? దాన్నలా ఒగ్గీసి, మిక్సీలో ఎయ్యని సేప ముక్క అట్టుకురా."

తెచ్చింది. ఎడమ పక్కనే నమిలాను. తింటుండగానే కూర చల్లారిపోయింది. కుడి బుగ్గలో మెతుకు ఇరుక్కుంటే వేలు పెట్టి తోసుకున్నాను, మధ్యమధ్య నీళ్లు తాగాను. ముళ్లు మాత్రం ఒక్కొక్కటే బయటకొచ్చి కంచం అంచున పడ్డాయి. కోడలు నోరు తెరుచుకుని చూస్తూ కూర్చుంది.

"నోరు ముయ్యవే, ఈగలు దూరతాయి," అన్నాను.

అప్పట్నుంచి రోజూ చేపే. మళ్లీ క్లినిక్కుకెళ్తే, ఆ బాబు నన్ను కాటా ఎక్కించి మురిసిపోయాడు.

"బరువు పెరిగారమ్మా, పైపు అక్కర్లేదు. చూశారా, మెత్తని తిండి ఎలా పనిచేసిందో!"

కోడలు తలొంచుకుంది. నా నోట్లో అప్పుడు ముల్లు లేదు గాని, ఉంటే ఆయన టేబుల్ మీదే పెట్టేదాన్ని.