గులాబి అంటిన దూది

ఆమెను మ్యూజియంలో అందరూ ఉమ్మక్క అంటారు. నేలమాళిగలో, పాత చిత్రాలను బాగుచేసే ప్రయోగశాలలో ఇరవై తొమ్మిదేళ్లుగా ఆమె పని ఒక్కటే: వెదురు పుల్లకు దూది చుట్టి, నోట్లో తడిపి, బొటనవేలి గోరంత మేర చొప్పున పొగమసిని తుడిచి తీయడం. రంగును కదపకుండా మసిని మాత్రమే కరిగించే గుణం ఉమ్మికి ఉంది.

"మా ఆవిడ ఉమ్మితే జీతమిస్తారు, నేను ఉమ్మితే జరిమానా వేస్తారు" అని ఆమె భర్త చుట్టాల దగ్గర నవ్వించేవాడు.

నిరుడు ఆమె గొంతులో కణితి బయటపడింది. కిరణాల చికిత్సతో కణితి పోయింది. దానితోపాటు నోటిలో తడీ పోయింది. ఇక ఊరదని వైద్యురాలు తేల్చి చెప్పింది. ఆ సంగతి భర్తకు తప్ప ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే తనను టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చోబెడతారని భయం.

నాలుగు నెలల సెలవు తరువాత పనిలోకి తిరిగి వచ్చేసరికి, సగం తుడిచిన చిత్రం ఆమె కోసమే ఆగి ఉంది: కిటికీ పక్కన బట్టలు మడుస్తున్న యువతి. చేతులు తేటపడ్డాయి, ముఖం ఇంకా మసిలోనే ఉంది.

"ముఖం నువ్వే చెయ్యాలని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదక్కా," అంది సహాయకురాలు. "నీరసంగా ఉంటే చెప్పు, దూది నేను తడిపి ఇస్తా."

"నీ నోరు కబుర్లకే చాలదు, దూదికేం మిగులుతుందే? వెళ్లి నీ పని చూసుకో."

నిమ్మచెక్క చప్పరించినా దూది పొడిగానే వచ్చింది. సహాయకురాలు అటు తిరగగానే ఆమె సీసాలోని ద్రావకంలో పుల్ల ముంచింది. ముందుగా చిత్రం అంచున పరీక్షించనిదే ద్రావకం వాడకూడదని కొత్తవారికి నేర్పింది ఆమే. నుదురు శుభ్రంగా తేలడంతో ధైర్యం వచ్చింది. చెంప మీద రెండోసారి తిప్పి తీసిన దూది గులాబి రంగులో ఉంది.

"అది మసి కాదు కదక్కా?"

"కాదే. చెంప."

అధికారి దిగివచ్చి చూశాడు. "కొంచెం రంగు వేసి కప్పేయండమ్మా. ఎవరు కనిపెడతారు?"

"వేయొచ్చు సార్. అది నేను వేసిన చెంపవుతుంది."

నివేదికలో ఆమె ఇలా రాసింది: "కుడి చెంప: అసలు రంగు పోయింది. కారణం: పరీక్షించకుండా ద్రావకం వాడటం. నా నోరు ఎండిన విషయం దాచాను." సంతకం చేసి, ఆ దూదిని గాజు గొట్టంలో వేసి జతపరిచింది.

సోమవారం నుంచి ఆమెకు టిక్కెట్ల కిటికీ. అంతకు ముందున్న గుమాస్తా వేలు నాలుకకు రాసుకొని టిక్కెట్లు విడదీసేవాడట. ఆమె మొదటిరోజే ఒక గిన్నెలో నీళ్లూ, స్పాంజి ముక్కా అడిగి తెప్పించుకుంది.