గడ్డి చుట్ట, నీలం తాడు

గడ్డి చుట్టే మిషన్‌ను మా పొలానికి పిలిపించింది నేనే. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటాను. కోటబొమ్మాళి చుట్టుపక్కల కోతకు మనుషులు దొరకడం మానేశాక, మా వరిని కూడా కోత మిషనే కోస్తోంది. అది గడ్డిని పొలమంతా చిందరవందరగా వదిలిపోతుంది. దాని వెనకాలే ట్రాక్టరుకు తగిలించిన ఇంకో మిషన్ వచ్చి, ఆ గడ్డిని ఏరుకుని గట్టిగా చుట్టి, పైన నీలం ప్లాస్టిక్ తాడు తిప్పి, నడుమెత్తు చుట్టలుగా దొర్లించి పోతుంది. కుప్ప వేసే పని లేదు, కుప్ప వేసేవాళ్ళను బతిమాలే పనీ లేదు. నాకు తెగ నచ్చింది.

మా అత్తకు నచ్చలేదు. ఆమెకు చుట్ట అంటే నిప్పు నోట్లో పెట్టుకుని తాగేది ఒక్కటే. "నీ సుట్ట నాకెందుకే, నా సుట్ట నాకు సాలు" అని మొదటి రోజే తేల్చేసింది. కానీ ఆవుకు మేత వేసేది ఆమే. ఇంట్లో ఉండగా ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వదు.

గొడవంతా తాడు దగ్గరే. కొడవలితో తాడు కోసి, చుట్టూ ఉన్నదంతా లాగి మేకుకు తగిలించి, ఆ తర్వాతే గడ్డిని ఆవు ముందున్న గాడిలో వెయ్యాలి. చిన్న పని. ఆమె మాత్రం కొడవలితో ఒకచోట కోసి, చేతికొచ్చినంత గడ్డి పీకి ఆవు ముందు పడేసేది. తాడు ముక్కలు గడ్డిలోనే ఉండిపోయేవి. నేను వెనకాలే వెళ్ళి ఏరేదాన్ని, ఏరుతూ తిట్టేదాన్ని.

"అత్తా, ఈ తాడు ఆవు మింగితే ఏటవుతాదో తెలుసా?"

"కట్టింది కూడా మేతే కదేటే. ఎప్పుడైనా ఎంటి ఇప్పి ఏసినామా?"

ఆమె అన్నది అబద్ధం కాదు. వెంటి అంటే గడ్డినే మెలిపెట్టి చేసిన తాడు. మోపును దానితోనే కట్టేవాళ్ళు. మెలి తిప్పి కొసను లోపలికి దోపడమే, ముడి వెయ్యరు. మోపుతో పాటు వెంటినీ గాడిలో పడేస్తే ఆవు అదీ తినేసేది. అన్నేళ్ళు అలా వేసిన చేతులకు కట్టు వేరు, మేత వేరు అని నేర్పడం నా వల్ల కాలేదు. రోజుకు రెండు పూటలా అదే మాట చెప్పి విసిగిపోయాను.

ఒకరోజు ఆవు మేత ముట్టలేదు. మర్నాటికి నెమరు మానేసింది. ఎడమ డొక్క ఉబ్బింది. అప్పటికది ఎనిమిదో నెల చూడి. పశువుల డాక్టరు వచ్చి డొక్క నొక్కి చూసి, "ప్లాస్టిక్ ఏదైనా తిన్నదా?" అని అడిగారు. నేను అత్త వైపు చూశాను.

"ఈవిడే బాబూ. తాడుతో సహా ఏస్తాది. సెప్పి సెప్పి నా నోరు అరిగిపోనాది."

అత్త గోడ వైపు తిరిగింది. డాక్టరు మందు పట్టించి, మూడు రోజుల్లో దారికి రాకపోతే పొట్ట కోసి తియ్యాలన్నారు. ఈ నెలల్లో కోస్తే తల్లీ దూడా రెండూ దక్కుతాయని చెప్పలేనన్నారు.

ఆ మూడు రోజులూ ఇంట్లో నా నోరే వినబడింది. మా ఆయనకు చెప్పాను, పక్కింటివాళ్ళకు చెప్పాను, పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాను. అత్త ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. అలా ఊరుకోవడం నన్ను ఇంకా మండించింది. ఆమె ఆవు శాలలో కూర్చుని మిగిలిన గడ్డిని పరక పరకా విదిలించి చూసేది. అన్నానికి పిలిస్తే "అది తిననీ" అనేది.

నాలుగో రోజు పొద్దున్న ఇద్దరం పేడ తియ్యడానికి వెళ్ళాం. పేడలో నీలం తాడు ఉండలా కనిపించింది. అత్త వేళ్ళతో పట్టి లాగితే మూరెడు పొడుగు వచ్చింది. ఆవు మా వైపు తల తిప్పి దవడ ఆడించింది. నెమరు వేస్తోంది. "సూసినావా నీ నిర్వాకం" అందామని నోరు తెరిచాను కూడా.

అప్పుడు ముడి కనిపించింది. తాడు మధ్యలో రెండుసార్లు బిగించిన ముడి. ఆ మిషన్ ముడి వెయ్యదు, తిప్పి వదిలేస్తుంది. అత్త జన్మలో గడ్డికి ముడి వేసి ఎరగదు. ట్రాక్టరు నుంచి దించేటప్పుడు ఒక చుట్ట విచ్చుకుపోతే, తెగిన కొసలు కలిపి ముడేసింది నేను. అత్త ఎవరిదో పెళ్ళికని నరసన్నపేట వెళ్ళిన రోజు ఆ చుట్టనే గాడిలోకి తోసిందీ నేనే. కొడవలి వెతికే ఓపిక లేక, తాడు తర్వాత తీద్దాంలే అనుకున్నాను. తీసిన గుర్తు లేదు.

అత్త ఆ ముడిని బొటనవేలితో తడిమింది. నా ముఖం చూసింది. ఇంతలో "ఏటయ్యింది?" అంటూ మా ఆయన వాకిట్లోంచి వస్తున్నాడు. ఆమె తాడును తట్టలో పడేసి, దాని మీద రెండు దోసిళ్ళ పేడ ఎత్తి కప్పేసింది.

"నానేసిన తాడేరా" అంది కొడుకుతో. "బయటికొచ్చీసినాది. ఇంక బయం నేదు."

తట్ట నెత్తిన పెట్టుకుని పెంటపోగు వైపు వెళ్ళిపోయింది. మూడు రోజులు ఆగకుండా ఆడిన నా నోట్లోంచి "అది నాది" అన్న రెండు మాటలు రాలేదు.