మరియమ్మ గారి కుండలో నీళ్ళు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఒక వేసవిలో నెలన్నర పాటు, ఆ ఇంట్లో ఉన్నది దెయ్యమే అయితే బాగుండునని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకున్న మాట నిజం.

భిలాయిలో ప్లాంటు పెరుగుతున్న రోజులవి. క్యాంప్ 1లో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా నాన్నా, తాతా విజయనగరంలో కొట్టు మీద పుట్టి పెరిగినవాళ్ళే. చింతపండు కొనబోయినా సరే, అక్కర్లేదన్నట్టు నాలుగడుగులు వెనక్కి నడిచి చూపించనిదే మా ఇంట్లో ఎవరూ ఏదీ కొనలేదు.

షెడ్డు యజమాని దీపావళి లోపల ఖాళీ చెయ్యమన్నాడు. అప్పుడే రైలు పట్టాలవైపు ఒక మూడు గదుల పెంకుటిల్లు బేరానికి వచ్చింది. మరియమ్మ గారని, రైల్వే గార్డు భార్యది. భర్త ముందే పోయాడు, పిల్లలు లేరు. ఇల్లు తన అక్క కొడుకు దానియేలుకు వీలునామా రాసి పోయింది. అతను రాయ్‌పూర్‌లో పాయింట్స్‌మన్, రైళ్ళకు పట్టాలు మార్చే పని.

క్రైస్తవుల వీలునామా కాబట్టి దుర్గ్ కోర్టు నుంచి ప్రొబేట్ రావాలి. అంటే, వీలునామా నిజమైనదేనని కోర్టు ఒప్పుకుని పత్రం ఇవ్వాలి. అది చేతికొచ్చే దాకా అమ్మకం లేదు. ఈలోగా ఎవరైనా అభ్యంతరం చెబితే ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు. అందుకే ధర తక్కువ. అందుకే నేను ఎగబడ్డాను.

మా ఆవిడ చేతి గాజులు అమ్మి బయానా ఇచ్చాను. దానియేలు అది వకీలుకూ కోర్టు ఫీజుకూ పెట్టేశాడు. ఇక ఎవరైనా అడ్డం తిరిగితే గాజులు పోయినట్టే, ఇల్లు రానట్టే, దీపావళికి మేం రోడ్డు మీద.

కోర్టుకు ఇంట్లో సామాన్ల జాబితా కావాలన్నారు. మే నెల మిట్టమధ్యాహ్నం నేనూ, దానియేలూ, వకీలు గారి గుమాస్తా వెళ్ళాం. మరియమ్మ గారు పోయి అప్పటికి ఏడు నెలలు. ఉన్న ఒక్క తాళంచెవీ దానియేలు దగ్గరే ఉంది.

మంచం, ట్రంకు పెట్టె, గోడ గడియారం. గుమాస్తా ఒక్కొక్కటే రాసుకుంటున్నాడు. వెనక గదిలో ఇసుక మీద మట్టికుండ, మూత, మూత మీద గ్లాసు. ముగ్గురికీ నాలుకలు పిడచగట్టుకుపోయి ఉన్నాయి. గుమాస్తా ముంచుకుని తాగాడు. నేనూ తాగాను. చల్లగా ఉన్నాయి. దానియేలు మాత్రం గ్లాసు పట్టుకుని అలా నిలబడిపోయాడు.

"శావుకారు గారూ, ఈ నీళ్ళు ఎవులు పోసేరు?"

"నువ్వు పోసేవనుకున్నాను."

"నేను మీతోనే కదేటి వొచ్చినాను."

గుమాస్తా అప్పటికే కాగితం మీద రాసేశాడు: మట్టికుండ ఒకటి, నీళ్ళతో సహా. ఆ ముక్క కొట్టెయ్యమన్నాను. "జో దేఖా సో లిఖా, సేఠ్‌జీ," అన్నాడు. చూసిందే రాశాడట.

ఆ క్షణంలో నాకు దెయ్యం తట్టలేదు. హక్కుదారు తట్టాడు. ఎవరో లోపల ఉంటున్నారు. పెంపుడు కూతురో, అద్దె మనిషో. అభ్యంతరాలకు కోర్టు పెట్టిన గడువులోగా వెళ్ళి "ఇంట్లో ఉన్నది నేను" అంటే చాలు, మా పని అయిపోయినట్టే. అదే దెయ్యమైతే వకాల్తా మీద సంతకం పెట్టలేదు కదా.

కుండ వీధి గుమ్మంలోకి తెచ్చి గుమ్మరించి, తిరిగి దాని చోట పెట్టాను. పెరటి తలుపు గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కిటికీలకు చువ్వలున్నాయి. పైన పెంకు ఒక్కటీ జరగలేదు. ఎలుకల దారి తెలుసుకోడానికి మేం కొట్టులో పిండి చల్లుతాం. అలాగే కొట్టు నుంచి గోధుమపిండి తెచ్చి కుండ చుట్టూ, గడపల దగ్గరా చల్లి, వీధి తలుపుకు నా కొట్టు తాళం కూడా వేశాను.

వారం తర్వాత ఇద్దరం చెరో తాళం తీశాం. పిండి మీద చీమ నడిచిన గీత కూడా లేదు. కుండ నిండా నీళ్ళు.

"పిన్నే," అన్నాడు దానియేలు గోడకు జారగిలబడి.

నేను మాత్రం మళ్ళీ ధర తగ్గించమన్నాను, ఈసారి దెయ్యం పేరు చెప్పి. సిగ్గులేక కాదు, అలవాటు.

"ఎవులో ఉన్నారని మొన్న తగ్గించమన్నారు. దెయ్యముందని ఇప్పుడు తగ్గించమంటన్నారు. రెండిట్లో ఏదో ఒకటి సెప్పండి, తగ్గిస్తాను."

మనిషంటే ఇల్లు పోతుంది, దెయ్యమంటే నాకే నమ్మకం లేదు. నేను ఓడిపోయిన బేరం అదొక్కటే.

ఆ తర్వాత కొట్టు మా ఆవిడకు అప్పగించి, పగలంతా ఆ ఇంటి ఎదుట కూర్చోవడం మొదలుపెట్టాను. పిట్ట కూడా వాలలేదు. రాత్రి నిద్ర లేదు, తిన్నది ఒంటపట్టదు. "అందరూ ఇల్లు కొని లోపల కూకుంటారు. మీరు బయట కూకున్నారు," అంది మా ఆవిడ. బోసి చేతులతోనే అన్నం వడ్డిస్తూ అంది.

గడువు రోజు కోర్టు జవాను వరండాలోకి వచ్చి, మరియమ్మ గారి ఆస్తి విషయంలో అభ్యంతరం ఉన్నవాళ్ళు రావాలని మూడుసార్లు పిలిచాడు. అక్కడ కూర్చున్న ప్రతి ముసలామె లేవబోతున్నట్టు కనిపించింది నాకు. ఒకామె నిజంగానే లేచింది. ఆమె కొంగు దులుపుకుని మళ్ళీ కూర్చుంది.

ఎవరూ రాలేదు. ప్రొబేట్ మంజూరైంది.

ఆ సాయంత్రమే దానియేలు దగ్గర తాళంచెవి తీసుకుని, మా ఆవిడతో వెళ్ళి తలుపు తీశాను. చల్లిన పిండి చల్లినట్టే ఉంది. కుండలో నీళ్ళు లేవు. తడి కూడా లేదు. లోపల సాలెగూడు. మూతి నుంచి అడుగు దాకా బీట, ఆ బీటలో నల్లగా పేరుకుపోయిన పాత మట్టి. చెంబుడు నీళ్ళు తెచ్చి పోసి చూశాను. పోసినవి పోసినట్టే ఇసుకలోకి దిగిపోయాయి.

"ఈ కుండలో నీళ్ళేటి మీరు తాగినది?" అంది మా ఆవిడ.

ఇప్పుడు ముందు గదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో మేమూ ఉంటున్నాం. గాజులు మళ్ళీ చేయించాను. ఆ కుండను పారెయ్యలేదు. పక్కనే కొత్త కుండ పెట్టాం, రోజూ మా ఆవిడే నింపుతుంది. నింపేముందు నేనొకసారి కొత్తదానిలోకి తొంగి చూస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ అది దానంతటది నిండి లేదు.

జాబితా నకలు, 'నీళ్ళతో సహా' అన్న ముక్కతోనే, నా దగ్గరే ఉంది. ఆ నీళ్ళు పోసినవారు అభ్యంతరానికి రాలేదంటే ఒప్పుకుని ఊరుకున్నట్టో, నన్ను చూసి జాలిపడి వెళ్ళిపోయినట్టో నాకు తెలియదు. ఆ నీళ్ళు ఎవరు పోశారని ఎవరైనా అడిగితే చెప్పలేను. తాగాను, చల్లగా ఉన్నాయి. అంతవరకే సాక్ష్యం చెప్పగలను.