గుండుగాడి మొహమాటం

ఒక సీల్ పిల్లకు మొహమాటమని భ్రమపడి, బలవంతంగా తినిపించి, దాని బతుకునూ మా ప్రొఫెసర్ పరిశోధననూ ఒకే బకెట్‌లో ముంచబోయిన ఘనత నాది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం, ఏదైనా పెద్ద అల వచ్చి కాలిఫోర్నియా తీరంలో నన్నొక్కదాన్నే ఎత్తుకుపోతే బాగుండుననిపించింది.

మాది కరీంనగర్. సముద్రానికీ మాకూ ఏ చుట్టరికమూ లేదు. వెటర్నరీ చదివి, హాయిగా గేదెలకు సూదులు వేసుకోవాల్సినదాన్ని, పీహెచ్‌డీ పేరుతో అమెరికా వచ్చి సీల్ పిల్లల పాలబడ్డాను. సీల్‌ను ఎప్పుడూ చూడనివాళ్లకు ఒక్క ముక్కలో చెబుతాను: కాళ్లకు బదులు తెడ్లు, ఒళ్లంతా కొవ్వు, మొహమంతా కళ్లు. ఆ కళ్లతోనే వచ్చింది చిక్కంతా.

తీరంలో తల్లి దగ్గర పెరిగిన పిల్లలకూ, తల్లి తప్పిపోయి రక్షణ కేంద్రంలో పెరుగుతున్న పిల్లలకూ ఒంట్లో తేడా ఏమిటో చూడటం మా పని. కొవ్వు ఎంత మందం ఉంది, రక్తం ఎంత ఆక్సిజన్ దాచుకోగలదు, ఊపిరి బిగపట్టినప్పుడు గుండె ఎంత నెమ్మదిస్తుంది, ఇవన్నీ కొలిచేవాళ్లం. కేంద్రంలోని పిల్ల వీటిలో సముద్రపు పిల్లకు దగ్గరగా వస్తేనే రేపు అలల్లో బతికి బట్టకడుతుంది.

మా ప్రొఫెసర్ కేరెన్ మొదటిరోజే హెచ్చరించింది. "పిల్లలతో మాట్లాడొద్దు. ముట్టుకోవద్దు. చెక్కపలక వెనక నిలబడి, కొలిచిన చేపలు నీళ్లలో వేసి వచ్చెయ్. మనిషి కనబడితే తిండి దొరుకుతుందని దానికి ఒక్కసారి తెలిసిందంటే ఇక వదల్లేం. పడవల మీదికి పోతుంది, బీచ్‌లో జనం మీదికి పోతుంది. అలాంటిదాన్ని జీవితాంతం ట్యాంకులో ఉంచాల్సిందే."

"అర్థమైంది మేడమ్."

"కేరెన్ అను చాలు."

"అలాగే మేడమ్."

చూశారుగా, చెప్పింది ఎంత బాగా బుర్రకెక్కించుకుంటానో!

నాకు అప్పగించిన పిల్ల తల నున్నగా, గుండు చేయించుకొచ్చినట్టుండేది. పేర్లు పెట్టకూడదన్నది కూడా నియమమే. అందుకని మనసులోనే గుండుగాడని పిలుచుకున్నాను. వాడు తన వంతు చేపలు తినేవాడు, మూతి పక్కకు తిప్పేసేవాడు. కడుపు నిండిన జంతువు అలాగే చేస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. అయినా వాడి ఫోటో అమ్మకు పంపాను. వెంటనే ఫోన్ వచ్చింది.

"గంత బక్కగున్నడేందే? తింటలేడా?"

"తిన్నాక మూతి తిప్పేస్తున్నడమ్మా."

"కొత్త జాగ గదా బిడ్డా, మొహమాటపడ్తున్నడు. ఎవలైనా మొదాల్ వద్దనే అంటరు. నువ్వు ఇంకోటి పెట్టి సూడు."

"అమ్మా, అది సీల్!"

"సీలైతే ఏంది, కడుపు లేదా?"

కడుపున్న మాట నిజమే. పైగా మా ఇంట్లో వద్దన్నవాళ్లకు మళ్లీ వడ్డించకుండా పంపిన చరిత్ర లేదు. మర్నాడు పలక పక్కన పెట్టి కూర్చున్నాను. ఒక చేప తోక పట్టుకుని వాడి ముందు ఆడించాను. వాడు మూతి తిప్పాడు. "మొహమాటపడకు నాన్నా" అన్నాను. వాడు ఇటు తిరిగి, నన్ను ఎగాదిగా చూసి, గుటుక్కున మింగాడు. అమ్మ మాటే నిజమైందని నేనెంత పొంగిపోయానంటే, ఆ పూట నా అన్నం సంగతే మర్చిపోయాను.

ఆ తర్వాత ఇక అడ్డేముంది! రోజూ కబుర్లు, రోజూ కొసరు. వాడు నా అడుగుల చప్పుడుకే తల ఎత్తేవాడు. ఇంటికి అంత దూరంలో, నా కోసం ఎదురుచూసే ప్రాణి ఒకటి ఉందన్న సంగతి నాకెంత తీపిగా ఉండేదో చెప్పలేను.

ఇలా ఉండగా ఒకరోజు ల్యాబ్ మీటింగ్‌లో కేరెన్ గుండె కొలతల గ్రాఫులు తెర మీద వేసింది. "ఈ పిల్ల గుండె మామూలుగా నెమ్మదిగానే ఉంది. తిండివేళకు మాత్రం చేప పడకముందే దడదడలాడుతోంది. సముద్రపు పిల్లల్లో ఇది లేదు. పాపం, ఇక్కడ దేన్నో చూసి భయపడుతోంది. అదేమిటో కెమెరాలో చూద్దాం."

ఆ కెమెరాలో శబ్దం కూడా వస్తుందని నాకెవరూ చెప్పలేదు. తెర నిండా నేనే! గొంతుక్కూర్చుని, చేతిలో చేపతో, పాటందుకున్నట్టు అంటున్నాను: "ఇది అమ్మమ్మ ముద్ద... ఇది తాతయ్య ముద్ద... ఆ, అయిపోయింది, ఇంకొక్కటే..."

కేరెన్ వీడియో ఆపింది.

"ఏం చెబుతున్నావు దానికి?" అంది కేరెన్.

"ఈ చేప అమ్మమ్మ పేరు మీద తినమంటున్నా మేడమ్."

"ఎవరి అమ్మమ్మ?"

"మా అమ్మమ్మే."

కేరెన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అది భయపడటంలేదు. నిన్ను చూసి సంబరపడుతోంది. అదే ఘోరం," అంది. ఆవిడ అరిచినా బాగుండేది. గుండుగాడి కొవ్వు కొలతలు ఎందుకూ పనికిరావనీ, వాణ్ని వదిలే సంగతి ఇక అనుమానమేననీ నెమ్మదిగా చెప్పింది. నేను ముద్దుచేసి వాడి సముద్రాన్ని లాగేసుకున్నానని అప్పుడు తెలిసింది. బాత్రూమ్‌లోకి వెళ్లి బావురుమన్నాను.

ఆ తర్వాత నన్ను పిల్లల కొలను వైపు రానివ్వలేదు. బకెట్లు తోమడం, రక్తపు నమూనాలు చూడటం, అంతే నా ఉద్యోగం. మిగతావాళ్లు గుండుగాడికి నోరెత్తకుండా చేపలు విసిరేవాళ్లు. కొన్నాళ్లు వాడు గట్టు మీద ఎదురుచూశాడట. తర్వాత ఆకలి తట్టుకోలేక నీళ్లలో మునగడం, మిగతా పిల్లలతో పోటీపడి చేప పట్టడం మొదలుపెట్టాడు. మెల్లగా రక్తమూ గుండే సముద్రపు పిల్లల దారికి వచ్చాయి. చివరికి వాణ్ని వదలడానికి కేరెన్ ఒప్పుకుంది. "తీరానికి నువ్వూ రా. నోరు మాత్రం తెరవకు," అంది.

పొగమంచు పట్టిన ఉదయం పెట్టెల తలుపులు తెరిచాం. మిగతా పిల్లలు బరబరా పాక్కుంటూ నీళ్లలోకి పోయాయి. గుండుగాడు అల అంచు దాకా వెళ్లి ఆగాడు. ముక్కుకు నురగ తగిలింది. ఇంకొక్క అడుగు వేస్తే చాలు.

ఆ క్షణాన నాకు నియమమూ గుర్తులేదు, కేరెనూ గుర్తులేదు. మా ఇంట్లో గ్యాస్ బండ తెచ్చినతన్ని కూడా ఒట్టినే పొమ్మనరు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"వెళ్లి రా నాన్నా!"

గుండుగాడు గిరుక్కున తిరిగాడు. మా ప్రయోగాల్లో ఏనాడూ చూపించని వేగంతో ఇసుక మీద ఎగిరెగిరి పడుతూ నా దగ్గరకు వచ్చి, నా బూటు మీద మూతి పెట్టాడు.

"ఏమన్నావ్?" కేరెన్ పళ్లు బిగించి గొణిగింది.

"వెళ్లి రమ్మన్నా."

"ఆ రమ్మనడం ఎందుకు?"

"మాలో ఒట్టి వెళ్లు అనకూడదు మేడమ్."

కేరెన్ ఆకాశం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసి, "సముద్రపు సీల్ తల్లి పిల్లను ఎలా వదిలి వెళ్తుంది?" అని అడిగింది.

"ఒకరోజు లేచి వెళ్లిపోతుంది. వెనక్కి చూడదు."

"అయితే నడువు."

గుమ్మంలో నిలబడి వెళ్లొస్తామని చెప్పడానికే గంట తీసుకునే వంశంలో పుట్టాను నేను. మాటా పలుకూ లేకుండా వాడికి వీపు తిప్పి ఇసుక దిబ్బ ఎక్కాను. అంతకంటే కష్టమైన పరీక్ష ఏ యూనివర్సిటీలోనూ రాయలేదు. కన్నీళ్లకు దారి కనబడలేదు. చాలాసేపటికి వెనక నుంచి మావాళ్ల చప్పట్లు వినిపించాయి. వాడు నా అడుగులను కాసేపు వాసన చూసి, తిరిగి, నీళ్లలోకి దిగిపోయాడట.

మరుసటి ఏడాది అదే తీరంలో నిద్రపోతున్న సీళ్లను చూస్తూ నడుస్తున్నాం. కేరెన్ ఆగి, ఒక లావుపాటి కుర్ర సీల్ తెడ్డుకు, వదిలేముందు మేం తగిలించిన గుర్తుబిళ్లను దుర్భిణీతో చూసింది. "నీ వాడే. వెళ్లి రమ్మన్నావుగా, వచ్చాడు," అంది.

నా గుండె దడదడలాడింది. కొలిచేవాళ్లు లేరు కాబట్టి సరిపోయింది. గుండుగాడు ఒక కన్ను తెరిచాడు, నన్ను చూశాడు, తెడ్డుతో ఇంత ఇసుక వీపు మీద చల్లుకుని మళ్లీ నిద్రపోయాడు. ముక్కూ మొహం తెలియనట్టు!

"నిన్ను పట్టించుకోలేదు. అభినందనలు," అంది కేరెన్. నిజమే, పరిశోధన ప్రకారం అంతకు మించిన విజయం లేదు. నాకు మాత్రం కొంచెం కోపమొచ్చింది.

అక్కడే, పసిఫిక్ మహాసముద్రం సాక్షిగా శపథం చేశాను: తెడ్లున్న ఏ ప్రాణికీ ఇక ఈ జన్మలో మొహమాటం అంటగట్టను, కొసరు వడ్డించను, వీడ్కోలు చెప్పను. శపథానికి కట్టుబడి, వాడికి వీపు తిప్పి, పెదవి కదపకుండా దిబ్బ ఎక్కాను.

వెళ్లొస్తా నాన్నా అని మనసులో అనుకున్నాను. అది కెమెరాకు వినబడదు కాబట్టి లెక్కలోకి రాదు.